ఈ కుండను భూమిలో ఎందుకు పాతేస్తారు?

మన మదనపల్లెలో ఎండాకాలం కుండ నీళ్లు చల్లగా ఉంటాయి కదా, ఎందుకు? కుండకు సన్నని రంధ్రాలుంటాయి. నీళ్లు బయటికి చెమర్చి ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకెళ్తాయి.

ఇప్పుడు జార్జియా వెళ్దాం. మన పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తున్నారే, ఆ దేశమే. అక్కడ క్వెవ్రి అని కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మట్టి బాన ఉంటుంది. దాన్ని మూతి దాకా భూమిలో పాతేస్తారు. మన పెద్దోళ్లు జొన్నలు దాచిన పాతర గుర్తొచ్చిందా? భూమి లోపల ఏ కాలమైనా వేడి పెద్దగా మారదు. కానీ ఈ బాన చెమర్చకూడదు, అందుకే లోపల తేనెమైనం పూస్తారు.

తెల్లద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలతో సహా అందులో పోస్తారు. పులిసాక మూసేసి ఐదారు నెలలు వదిలేస్తారు. తొక్కల్లోంచి రంగు, వగరు దిగి తేనె రంగు వస్తుంది. అదే ఆంబర్ వైన్. అక్కడ సుమారు 8 వేల ఏళ్ల కిందటే వైన్ చేశారని పాత కుండ పెంకుల్ని పరీక్షించి 2017లో తేల్చారు. క్వెవ్రి పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

వైన్ తాగమని చెప్పట్లేదు ఫ్రెండ్స్! అసలు విషయం కుమ్మరిది. అంత పెద్ద బానను సారె మీద తిప్పలేరు. చేత్తో వరస మీద వరస పేర్చి వారాల తరబడి కడతారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ పని బతికింది. మన పలమనేరు మట్టిపనికీ అదే సూత్రం. ఈ ఎండాకాలం ఫ్రిజ్ ఉన్నా సరే, ఒక కుండ కొనండి. పాతర చూసిన అవ్వ మీ ఇంట్లో ఉంటే, ఆమె చెప్పింది కామెంట్‌లో రాయండి. ఉంటాను!