ఆయిలింజనునకు చమురు సరిగా నందనప్పుడు



బావికడ ఆయిలింజను నడుమ నాగిపోయినచో పెక్కుమంది వెంటనే పానా చేతబట్టి చమురుపంపును విప్పుదురు. చిన్న దోషమును పెద్ద దోషముగా మార్చునది ఈ తొందరయే. వరి పొట్టదశలో నున్నప్పుడు తడి తప్పినచో గింజ తాలుపోవును. ఇంజనును పట్టణమునకు బండిమీద పంపి మరల తెచ్చుకొనువఱకు పైరు వేచియుండదు. చమురు నడచు దారిలో కలుగు దోషములలో నధికభాగము బావిగట్టుననే సరిచేయదగినవి. అందుకు ఒకటి రెండు పానాలు, ఒక గాజుసీసా, కొంచెము శుభ్రమైన చమురు చాలును. అయితే క్రమము తప్పరాదు. తొట్టికడ మొదలిడి ఇంజెక్టరువైపునకు నడువవలయును.

దృష్టాంతమునకు లిస్టరు ఇంజనును గైకొందము. ఇంగ్లండునందలి డర్స్లీ పట్టణమున 1930 ప్రాంతమున వెలువడిన యీ మందగతి ఇంజను అచట 1987 వఱకు తయారగుచుండెను. దానిని బోలినవి రాజ్‌కోటునందు విస్తారముగా తయారై మన బావులకు చేరినవి. విద్యుత్పంపులు వచ్చిన పిమ్మట వీని వాడుక తగ్గినను పూర్తిగా పోలేదు. ఆఱు గుఱ్ఱముల బలము గల యింజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండు చుట్లకు ఒకమాఱు చమురు చిమ్మబడును గనుక నిమిషమునకు 325 చిమ్ములు. పూర్తిబరువు లాగునప్పుడు సైతము ఒక్క చిమ్మునకు పట్టు చమురు ఒకటి రెండు బొట్లే. ఇంత స్వల్పమైన కొలతలో గాలిబుడగ చేరినను, నలుసు అడ్డుపడినను పని చెడుట వింతగాదు.

ముందుగా పొగను చూడవలయును. ఇంజనును హాండిలుతో త్రిప్పునప్పుడు పొగగొట్టమునుండి ఏ పొగయు రానిచో చమురు లోనికి చేరుటలేదని యెఱుగవలెను. తెల్లనిపొగ వచ్చి ఇంజను అందుకొననిచో చమురు చేరుచున్నది గాని మండుటలేదు. అప్పుడు దోషము సాధారణముగా చమురుదారిలో నుండదు. వాల్వులు, రింగులు గాలిని నిలుపుచున్నవో లేవో చూచుకొనవలెను. నడచుచున్న యింజను నల్లనిపొగ విడిచినచో బరువు ఎక్కువయైనదనియో, గాలివడపోత మూసికొనిపోయినదనియో, ఇంజెక్టరు చమురును సన్నగా చిమ్మక కార్చుచున్నదనియో తలపవచ్చును. నీలిపొగ కందెనచమురు కాలుటవలన కలుగునది. దాని ప్రస్తావన యిచట లేదు.

పొగయే రానిచో తొట్టికడకు పోవుదము. చమురున్నదా, కుళాయి తెఱచియున్నదా, ఆపుడుమీట ఆపుస్థానముననే మిగిలిపోయెనా అని చూచుట అవమానముగా భావింపరాదు. ఆరితేఱిన మేస్త్రీలును ఇచటనే మొదలిడుదురు. పిమ్మట తొట్టిమూతనుండు సూదిరంధ్రమును చూడవలెను. అది దుమ్ముతో పూడినచో చమురు తఱిగినకొలది లోన గాలి చాలక, చమురు దిగుట మానును. ఇంజను అరగంట చక్కగా నడచి మెల్లగా నిలిచిపోవును. కొంతసేపు విడిచినచో మరల నడచును. మూత వదులు చేసినప్పుడు బుస్సుమని గాలి లోనికి పోయినచో జబ్బు దొరకినట్లే. దానికి మందు ఒక సూది మాత్రమే.

ఇక నీరు. తొట్టి అడుగునుండి కొంచెము చమురు సీసాలో పట్టి కదలక నిలుపవలయును. నీరు చమురుకంటె బరువైనది గనుక అడుగున వేఱుగా తేలియగుపడును. ఈ నీరు ఎచటనుండి వచ్చుననగా, సగము ఖాళీగా విడిచిన తొట్టిలో రాత్రి చలికి గాలియందలి తడి గోడలకు పట్టి కారును. అందుచే సాయంకాలమే తొట్టి నింపుట మేలు. అంతకంటె ముఖ్యమైనది పీపా. ఆరుబయట నిలువుగా పెట్టిన పీపా తలమీద వాననీరు నిలుచును. పగటివేడికి లోని గాలి వ్యాకోచించి కొంత బయటకు పోవును, రాత్రి చల్లబడినప్పుడు బిరడాసందున నీటినే లోనికి పీల్చుకొనును. కావున పీపాను నీడను, బిరడా నీటిలో మునుగకుండునట్లు వాల్చి యుంచవలెను. జింకుపూత గల పాత్రలలో డీసెలును నిలువచేయరాదు; చమురు జింకును తిని మడ్డిని కట్టును. పోయునప్పుడు నూలుగుడ్డతో వడగట్టుట మంచి అలవాటని కొందఱు తలతురు గాని, ఆ గుడ్డపోగులే తరువాత వడపోతను పూడ్చును. సన్నని ఇత్తడిజల్లెడ గల గరాటు శ్రేష్ఠము.

వడపోతలో ఉన్నిది గలచో డీసెలుతో కడిగి మరల వాడవచ్చును. కాగితపుది గలచో క్రొత్తది వేయవలసినదే.

వడపోతను విప్పినప్పుడును, తొట్టి పూర్తిగా ఎండినప్పుడును చమురుదారిలో గాలి చేరును. ఎక్కువమంది రైతులను బాధించునది ఈ గాలియే. చమురు నొక్కబడదు, గాలి నొక్కబడును. పంపుముషలకము తన కొద్దిపాటి పోటుతో బుడగను నొక్కును. బుడగ చిన్నదగును గాని ఇంజెక్టరు తెఱచునంత ఒత్తిడి పుట్టదు. మనుష్యుడు ఎంత బలముగా త్రిప్పినను ఫలముండదు. తొట్టి నింపి కుళాయి తెఱచి, వడపోతమీది గాలిమరను రెండు చుట్లు వదులుచేయవలెను. మొదట నురుగు, పిదప బుడగలు, కడకు నిండైన ధార వచ్చును. ధార వచ్చుచుండగనే మరను బిగింపవలెను, ఆగిన పిమ్మట కాదు. పంపుకడనున్న మరను అట్లే చేయవలెను. ఆపై ఇంజెక్టరుకడ సన్నగొట్టపు నట్టు వదులుచేసి, కంప్రెషను ఎత్తిపట్టి హాండిలు త్రిప్పవలెను. అచట బుడగలు లేని చమురు కనబడిన తరువాత నట్టు బిగించి మరల త్రిప్పినచో ఇంజెక్టరునుండి కిఱ్ఱుమను చిన్నధ్వని వినబడును. ఆ ధ్వని వినబడువఱకు కంప్రెషను విడిచి ప్రయోజనము లేదు. గాలి తీసిన మఱునాడే మరల చేరినచో గొట్టమున చీలిక గలదు. తొట్టి ఎత్తున నున్నచో చీలికనుండి చమురు కారి తానే తెలుపును. తొట్టి పంపుకంటె క్రిందనున్నచో చమురు కారదు, గాలియే రహస్యముగా లోనికి పోవును. అప్పుడు రాగివాషరులను, కీళ్లను ఒకటొకటిగా పరీక్షింపవలెను.

ఇంజెక్టరును ఊడదీసి చిమ్ము ఎట్లున్నదో చూచుట కొందఱకు వాడుక. అట్లు చేయువారు చిమ్ముకు ఎదురుగా అఱచేయి పెట్టుచున్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము. నూఱు వాతావరణముల ఒత్తిడికి మించి వెలువడు చమురు చర్మమును చీల్చి లోనికి పోవును. పైకి ముల్లు గుచ్చినంత గుర్తు మాత్రమే యుండును, నొప్పియు మొదట స్వల్పమే. కొన్ని గంటలలో చేయి వాచి, మాంసము చెడి, వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. అట్లు జరిగినచో పసుపు పట్టించి ఇంట నుండక, వెంటనే శస్త్రచికిత్స గల ఆసుపత్రికి పోయి, చమురు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. చిమ్మును కాగితముపై చూచినచో చాలును: తుంపర సమముగా పడవలెను, కొనను బొట్టు వ్రేలాడరాదు.

ఇంతవఱకు అన్నియు సరిగానున్నను చమురు చేరనప్పుడే పంపును అనుమానింపవలెను. పంపులోని ముషలకమునకును దాని గొట్టమునకును నడుమనుండు సందు తలవెండ్రుక మందములో ఇరువదవవంతుకంటెను తక్కువ. ఆ రెండును జోడుగా అరుగదీయబడినవి. ఒక పంపుముషలకము వేఱొకదానికి పనికిరాదు. కిరసనాయిలు కలిపిన డీసెలు చవుకయని వాడువారు ఈ జోడునే అరుగగొట్టుచున్నారు, ఏలయన కిరసనాయిలునకు జిగి తక్కువ. బావిగట్టున దుమ్ములో దీనిని విప్పరాదు. పంపును మొత్తముగా ఊడదీసి, చమురురంధ్రములను శుభ్రమైన బిరడాలతో మూసి, మేస్త్రీకడకు పంపవలెను. పంపుక్రింద నున్న పలుచని రేకులను లెక్కించి దారముతో కట్టి దానితోడనే పంపవలెను. అవి మాఱినచో చమురు చిమ్ము వేళయు మాఱును.