పసికందుకు పక్క ఎక్కడ?



సొసైటీ తరఫున మేము ప్రసవమైన ఇళ్లకు వెళ్తుంటాం. చాలా చోట్ల ఒకటే గది. అందులోనే స్టవ్వు, బీరువా, మంచం, ఐదారుగురు మనుషులు. నలభై రోజుల చిల్లా గడిచేదీ అక్కడే. అలాంటి గదిలో బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి?

వైద్యులు చెప్పేది ఇది: తల్లి ఉన్న గదిలోనే, ఆమె చెయ్యి అందేంత దగ్గరలో, కానీ వేరే పక్క మీద. కనీసం ఆరు నెలలు ఇలాగే. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలయ్యాక, పదేళ్లలో నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది.

మంచం మీద చోటు లేదని బిడ్డను గోడ పక్క సందులో సర్దకూడదు. నేల మీద చాప, దానిపై పలుచని గట్టి పరుపు, పైన దోమతెర చాలు. స్టవ్వుకు, బీడీ పొగకు, దోమల కాయిల్‌కు దూరంగా ఉంచాలి. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. అందులో నిద్రపుచ్చినా, వెంటనే పక్క మీదికి మార్చాలి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. అఖీఖాకు మీరు ప్రేమతో పంపే మెత్తటి పరుపుల సెట్లు, తల గుండ్రంగా వస్తుందని ఇచ్చే ఆవాల దిండ్లు బిడ్డ ముఖం దగ్గర ఉండకూడనివి. పెద్ద తొట్టి ఆ గదిలో పట్టదు. వాటి బదులు ఒక గట్టి చిన్న పరుపు, ఒక దోమతెర ఇవ్వండి. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. అదే డబ్బుతో మరో ఇంటికీ అందించగలం, ఇన్షా అల్లాహ్.

మీ సదఖాను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.