పరుగును పట్టే కెమేరా

(చోరనూరులో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణమో, కవిత్వమో వినవలసిన వేళ కెమేరాల గొడవ యెందుకని కొందరికి తోచవచ్చును. కారణం మీకు తెలిసినదే. నిరుడు మన పిల్లల కబడ్డీ పందెంలో ఆఖరి కూతకు వెళ్ళిన కుర్రవాడు నలుగురు మీదపడి పట్టుకుంటూ వుండగా మధ్యగీత వైపు చెయ్యి చాచినాడు. గీత తాకినాడా, లేదా? ఫొటో తీసినవాణ్ణి నేనే. నా ఫొటోలో చెయ్యి వుండవలసిన చోట తెల్లని పొగ వున్నది. ఆ పొగను చూపించి యెవరిని ఒప్పించగలను? తగవు యిప్పటికీ తీరలేదు. ఆ రెండు జట్ల పిల్లలూ ఇవాళ కూడా వేరువేరు వరుసల్లోనే కూర్చున్నారు.

అందుమీద సంఘానికొక మంచి కెమేరా కొందామని చందాలు పోగుచేసినాము. చందాలు పోగైన మరునాడే రెండు కక్షలైనాము. అద్దం వున్న పాత తరహా కెమేరా చాలునని ఒక కక్ష, అద్దం లేని కొత్త తరహాయే కావాలని రెండో కక్ష. ఈలోగా మన కుర్రవాడొకడు ఆటల ఫొటోలే వృత్తిగా పెట్టుకుంటానన్నాడు. వాళ్ళమ్మ గాజులు కుదువబెట్టి కొనిపెడతానన్నది. సంఘం డబ్బు వృథా అయితే మళ్ళీ చందా వేసుకుంటాము. గాజుల సంగతి అట్లా కాదు గదా. అందుచేత నాకు తెలిసినంత మనవి చేస్తాను.

ఆ కుర్రవాడి ఆశను నేను తేలికగా చూడను. మన సండూరు తాలూకాలో వేగానికి కొదువ లేదు. తోరణగల్లు వైపున 2018లో క్రీడాశిక్షణ సంస్థ వెలిసింది. నీరజ్ చోప్రా వంటివారు సాధన చేసిన చోటు అది. ఇటు దరోజీలో 1994 నుంచి ఎలుగుబంట్ల అభయారణ్యం వున్నది. సండూరు రాజవంశీయులు, ఒకప్పుడు కర్ణాటక ఆర్థికమంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడేగారు (1931–2011) అడవుల్లో తిరిగి తీసిన నలుపు తెలుపు ఫొటోలు దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాయి. వారి ‘సన్‌లైట్ అండ్ షాడోస్’ 1983లో లండనులో అచ్చయింది. చుట్టకు 36 ఫొటోలు వచ్చే ఫిల్ము కాలమది. సెకనుకు ఇరవై తీయకపోతే ఫొటోగ్రఫీయే కాదనే మన పిల్లలు ఆ పుస్తకం ఒకసారి తిరగవేయవలెనని నా కోరిక.

ఇక నా పొగ సంగతి. కూతకు వెళ్ళినవాడి చెయ్యి సెకనుకు అయిదు మీటర్ల వేగంతో కదిలిందనుకోండి. నేను తీసింది సెకనులో నూరోవంతు. అంతలో ఆ చెయ్యి అయిదు సెంటీమీటర్లు జరిగిపోతుంది. పొగ రాక యేమవుతుంది? సెకనులో వెయ్యోవంతు పెట్టివుంటే అరసెంటీమీటరే జరిగేది, వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చును. యెందుకు పెట్టలేదంటారా? సాయంకాలం, ట్యూబులైట్లు, నా లెన్సు కెమేరాతోపాటు పెట్టెలో వచ్చిన చిన్న లెన్సు. పూర్తిగా తెరిచినా ఎఫ్ 5.6 దాటదు. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. అది వుంటే అదే వెలుతురులో నాలుగువందల వంతుకు పోయేవాణ్ణి, ఆపైన ఐ.ఎస్.ఓ. రెండున్నర రెట్లు పెంచితే వెయ్యోవంతు దక్కేది. గమనించండి, ఈ లెక్కలో అద్దం ప్రసక్తే లేదు.

అయినా అద్దం గురించి చెప్పక తప్పదు. పాత తరహా కెమేరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దం వుండి, వచ్చిన వెలుతురును మన కంటికి పంపుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, మన కన్ను చీకటవుతుంది, అప్పుడు వెలుతురు సెన్సారు మీద పడుతుంది, మళ్ళీ అద్దం దిగుతుంది. 2016లో వచ్చిన నికాన్ డి500 ఈ తతంగమంతా సెకనుకు పదిసార్లు చేస్తుంది. యంత్రంగా చూస్తే అబ్బురమే. కాని మీరు కళ్ళారా చూసిన క్షణం ఫొటోలో వుండదు. ఫొటోలో వున్న క్షణాన మీ కన్ను చీకటిలో వుంటుంది. పైగా ఫోకసు చుక్కలు చాలా కెమేరాల్లో నడిమిభాగానికే పరిమితం. ఆటగాడు అంచుకు పోయినాడా, చుక్క తప్పిపోతుంది.

అద్దం లేనిదానిలో సెన్సారే ఎప్పుడూ చూస్తూ, తాను చూసినదాన్ని కంటిదగ్గరి చిన్న తెరమీద చూపిస్తుంది. ఫోకసు చుక్కలు దాదాపు అంచులదాకా వుంటాయి. మనిషి కన్నును, పక్షి కన్నును తానే గుర్తుపట్టి వెంబడించేవి వచ్చినాయి. 2017లో సోనీ ఎ9 రెప్పపాటు చీకటి లేకుండా సెకనుకు 20 తీసింది. 2021లో నికాన్ జెడ్9 షట్టరు తెరలనే తీసిపారేసింది. 2023లో ప్రకటించిన సోనీ ఎ9-3 చిత్రమంతా ఒకే క్షణాన గ్రహిస్తుంది. ఇవన్నీ మన చందాకు అందనివి. మనకు అందే చౌకరకాల్లో ఒక చిక్కున్నది: చప్పుడు లేకుండా తీసే పద్ధతి పెడితే సెన్సారు వరుస తరువాత వరుస నెమ్మదిగా చదువుతుంది. ఆ లోపల క్రికెట్ బ్యాటు అరటిపండులాగా వంగిపోతుంది, ఎల్.ఇ.డి. దీపాలకింద ఫొటో నిండా చారలు పడతాయి. అటువంటప్పుడు చప్పుడైనా సరే, తెరల షట్టరే వాడవలెను.

సెకనుకు ఇరవై అన్నప్పుడు మరొక్క లెక్క. సెకనుకు పది మీటర్లు పరుగెత్తేవాణ్ణి సెకనుకు పదిచొప్పున తీస్తే ఒక్కొక్క ఫొటోకు మీటరు దూరం పోతాడు. ఇరవై తీసినా అర మీటరు. గీతమీద వేలు ఆనిన క్షణం ఆ సందులో జారిపోవచ్చును. ఆట తెలిసి, ముందుగా కాచుకుని నొక్కేవాడికే అది దొరుకుతుంది. పోతే రెండువేల ఫొటోలు తెచ్చుకుని రాత్రంతా యేరుకునే శిక్ష కూడా వున్నది. మా ఆవిణ్ణి అడగండి, చెబుతుంది.

ఇప్పుడు అసలు మోసపోయే చోటికి వస్తున్నాను. పాతసామాను కొనేవారు చెవులు యిటు పెట్టండి. నికాన్ వారు 1959 నాటి లెన్సు బిగింపునే అద్దం కెమేరాల్లో చివరిదాకా నిలుపుకున్నారు. కానన్ వారు 1987లో పాత బిగింపును వదిలేసి, ప్రతి లెన్సులోనూ మోటారు పెట్టి, అంతా విద్యుత్తు సంకేతాలతో నడిచే కొత్త బిగింపు తెచ్చినారు. వున్న లెన్సులు పనికిరాకుండా పోయినాయని అప్పటివారు తిట్టుకున్నారు. ఫలితం ఇవాళ చూడండి. ఆనాటి నుంచి వచ్చిన కానన్ ఇ.ఎఫ్. లెన్సులు కంపెనీ అడాప్టరుతో అద్దం లేని కెమేరామీద కూడా ఫోకసు చేస్తాయి. నికాన్‌లో లెన్సులో మోటారున్న రకాలకు ఆ భయం లేదు. కాని చవకగా దొరికే 80-200 ఎఫ్ 2.8 డి వంటి ముసలి లెన్సులు కెమేరాలోని మోటారుమీద ఆధారపడినవి. డి500మీద అవి చక్కగా పనిచేస్తాయి. అద్దం లేని నికాన్‌కు కంపెనీ అడాప్టరుతో తగిలిస్తే చేత్తో తిప్పుకోవలసిందే. కూత పెట్టినవాడు మీరు తిప్పేదాకా ఆగుతాడా?

మన ఎర్రదుమ్ము సంగతి యే కంపెనీవాడూ పుస్తకంలో రాయడు. ఖనిజం లారీలు తిరిగే దారిలో లెన్సు మార్చితే, అద్దం లేని కెమేరాల్లో చాలావాటికి సెన్సారు ముందు అడ్డేమీ వుండదు. కొన్ని మాత్రం కట్టేయగానే తెర దించుకుంటాయి. ఏదైనా సరే, లెన్సు ఇంట్లో తగిలించుకుని రావడమే మేలు. బ్యాటరీలో పాతవే గట్టివి: డి500 లెక్కప్రకారం ఒక్క చార్జిలో 1240, జెడ్9 అంత పెద్ద బ్యాటరీతోనూ 740.

నా అభిప్రాయం అడిగితే, సంఘానికి పాతది చాలును. డి500 గాని, 2014 నాటి కానన్ 7డి మార్క్ 2 గాని వాడినదే చూసి కొని, మిగిలిన డబ్బంతా ఎఫ్ 2.8 లెన్సుమీద పెట్టండి. మన ఆటలు యేడాదికి రెండుసార్లు. 2020 తరువాత ఆ రెండు కంపెనీలూ అద్దమున్న కొత్త కెమేరా తేలేదన్నది నిజమే; దానివల్లనే గదా ధర దిగింది.

కుర్రవాడి విషయంలో నా మాట వేరు. వాడు ముప్ఫై యేళ్ళు బతకవలసిన వృత్తిలోకి పోతున్నాడు, అద్దం లేని దారే పట్టవలెను. 2022లో వచ్చిన కానన్ ఆర్7 తెరల షట్టరుతోనే సెకనుకు 15 తీస్తుంది. దానికి అడాప్టరుతో పాత 70-200 ఎఫ్ 2.8 తగిలిస్తే మొదటి మెట్టుకు సరిపోతుంది. సోనీ చెడ్డదని నేననను, కాని ఇక్కడ మనలో ఆ లెన్సు అరువిచ్చేవారు నాకు కనబడలేదు. అయితే అమ్మా, గాజులు ఇప్పుడే తీయకండి. ఈ యేడాది వాడు సంఘం కెమేరాతోనే ప్రతి పందెమూ తీయాలి. మధ్యలో రెండు రోజులకు బెంగుళూరు నుంచి అద్దం లేనిది అద్దెకు తెప్పించి చేతికిద్దాము. వచ్చే ఉగాదికి వాడు తీసినవి ఈ పందిట్లో గోడకు కడదాము. ఆ తరువాత గాజుల మాట.

రేపు పొద్దున్న ఏడింటికి కబడ్డీ బరి దగ్గర ఒక పాతదీ, ఒక కొత్తదీ తెస్తున్నాను, రెండూ అరువువే. నిరుటి రెండు జట్లూ రావలెను. ఆ కూత మళ్ళీ పెట్టండి, తీద్దాము. మెమరీ కార్డులు మాత్రం యెవరివి వారే తెచ్చుకోవలసినది.