సైకిల్ పందేనికి తర్ఫీదున్న అధికారులు

కురవి–మహబూబాబాద్ రోడ్డు మీద సైకిల్ పందెం పెట్టాలంటే బహుమతుల కన్నా ముందు తర్ఫీదు పొందిన స్వచ్ఛంద అధికారులు కావాలి. ముందు చక్రం టైరు ముగింపు గీత అంచుకు చేరిన క్షణమే గెలుపును తేలుస్తుంది. గీతకు సూటిగా కాక పక్కకు జరిగి నిలబడ్డవాళ్ల కంటికి వెనకున్న సైకిలే ముందున్నట్టు కనబడవచ్చు. గెలుపే కాదు, భద్రత కూడా ముఖ్యమే. 2003లో పారిస్–నీస్ పందెంలో హెల్మెట్ లేకుండా పడిపోయిన కివిలెవ్ అనే సైక్లిస్టు మరణించాకే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. బయలుదేరే ముందు దాని పట్టీనీ, బ్రేకులనూ పట్టి చూడాల్సింది ఈ అధికారులే.

పీఈటీ సారు ఈల చాలదా అంటారు కొందరు. కబడ్డీ కోర్టు కళ్లెదుటే ఉంటుంది. ఈ పందెం కిలోమీటర్ల దూరం సాగుతుంది, ప్రతి మలుపులో జెండాతో ఒకరుండాలి. ఖర్చా? జెండాలు, స్టాప్‌వాచ్, గీత దగ్గర స్టాండు మీద ఫోన్ కెమెరా ఉంటే మొదలుపెట్టవచ్చు. జిల్లా క్రీడాధికారులు సైక్లింగ్ సంఘం నుంచి శిక్షకుణ్ణి పిలిపించాలి, కురవి యువతీయువకులు పేర్లివ్వాలి.