పెద్ద ఏనుగులు వచ్చాక



విత్తులు కొట్టిస్తే కోడె కాడికి లొంగుతుందని మన రైతులకు తరతరాలుగా తెలుసు. ఎందుకు లొంగుతుందో 1849లో గోట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజు పిల్లలతో చూపించాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. నాలుగింటి కడుపులో మాత్రం, పాత నరాల లంకె తెంపి, ఒక్కో వృషణం ఉంచాడు. మొదటి రెండూ కూత మరిచాయి, పోట్లాట మరిచాయి. తక్కిన నాలుగూ మామూలు పుంజుల్లాగే కాలు దువ్వాయి. నరం తెగినా పని జరుగుతోందంటే అది రక్తం ద్వారానే జరుగుతోందన్నమాట.

అక్కడి నుంచి లోకం ఒక తేలిక సూత్రం అల్లుకుంది: టెస్టోస్టిరాన్ పెరిగితే పొగరు పెరుగుతుంది. ఆ సూత్రం సగమే నిజం. మిగతా సగం కోసం మిమ్మల్ని దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్‌కు తీసుకెళ్తాను.

క్రూగర్ అడవిలో ఏనుగులు ఎక్కువయ్యాయని పెద్దవాటిని కాల్చేసి, అనాథలైన పిల్లలను పిలానెస్‌బర్గ్‌కు తరలించారు. అవి పెద్ద మగ ఏనుగు మొహం ఎరగకుండా పెరిగాయి. రావలసిన వయసుకు చాలా ముందే మదం పట్టింది, పట్టింది ఒక పట్టాన దిగలేదు. 1992, 1997 మధ్య ఆ కుర్ర ఏనుగులు 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపాయి. 1998లో క్రూగర్ నుంచే ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలారు. కుర్రవాటి మదం దించడానికి ఎవరూ సూది వేయలేదు, కత్తి పట్టలేదు. తనకంటే పెద్దది ఎదురుపడి అదిలిస్తే కుర్రదాని మదం దిగిపోయేది. ఖడ్గమృగాల చావులు ఆగిపోయాయి.

పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి, టెస్టోస్టిరాన్ ఉప్పొంగే మదమే మారింది! దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. పక్షుల్లోనూ ఇంతే: ఎదురు మగపక్షి సవాలు చేసినప్పుడు టెస్టోస్టిరాన్ ఎగబాకుతుందని జాన్ వింగ్‌ఫీల్డ్ బృందం 1990లో ప్రతిపాదించింది. ఇంకో వింత, ఉత్తర అమెరికాలోని సాంగ్ స్పారో పిచ్చుక చలికాలంలో వృషణాలు కుంచించుకుపోయినా తన తావు కోసం కొట్లాడుతుంది. అప్పుడు దాని మెదడులో పనిచేసేది మనం ఆడ హార్మోన్ అని పిలుచుకునే ఈస్ట్రోజెన్.

ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ పశువైద్యులారా, రేపటి నుంచి పొడిచే ఆబోతును, కరిచే కుక్కను మీ దగ్గరికి తోలుకొచ్చి, "విత్తులు తీసెయ్యండి డాక్టరు గారూ" అంటారు. తీయవలసినవి ఉంటాయి, తీయండి. కానీ భయంతో కరిచే కుక్కకు వృషణాలు తీసినంత మాత్రాన భయం పోదు. అందుకని ముందు అడగండి: తల్లి నుంచి ఎన్నాళ్లకే విడదీశారు? ఎవరి పక్కన కట్టేస్తున్నారు? ఒక్క తొట్టి దగ్గర ఎన్ని పశువులు మేస్తున్నాయి? ఈ జవాబులు రాసుకోవడానికి కేసు షీటులో గడి లేకపోతే మీరే ఒకటి గీసుకోండి.