చిల్లు పడిన నావ



శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున భగవానుడు ఉద్ధవునకు ఉపదేశించుచు మానవదేహమును నావతోను, గురువును కర్ణధారునితోను, తన అనుగ్రహమును అనుకూలవాయువుతోను పోల్చినాడు. ఈ పోలిక మాకు పాఠశాలలో గాక, నిజముగా పడవలోనే బోధపడినది.

1967వ సంవత్సరపు గోదావరి పుష్కరములకు మా గురువుగారు విద్యార్థులను వెంటబెట్టుకొని కోనసీమ నుండి బొబ్బర్లంక లాకుల మీదుగా రాజమహేంద్రవరమునకు పడవలో బయలుదేరినారు. కాలువలో ఎదురునీరు. ఇద్దరు గట్టున నడచుచు తాడు లాగుచుండగా, పడవవాడు చుక్కాని పట్టినాడు. తెల్లవారుజామున నీటి అడుగున నున్న మొద్దు తగిలి పడవ అదరినది. కొంతసేపటికి మేము కూర్చున్న మూల తడి కనిపించినది. చూచితిమి గాని చెప్పలేదు. చెప్పినచో పడవ ఆగును, స్నానమునకు ఆలస్యమగును, అందరును మమ్మే నిందింతురని భయపడితిమి. తడిపై గోనె కప్పి కూర్చుంటిమి.

అరగంటలో నీరు సామానును అందుకొన్నది. గురువుగారు ఎన్నో ఏండ్లు స్వహస్తముతో వ్రాసికొన్న వేదభాష్యపు పుస్తకముల మూట అడుగున నుండెను. సిరా కరగి పుటలన్నియు నీలివర్ణమైనవి.

పడవవాడు కంగారుపడలేదు. ముందు బరువు దింపుడన్నాడు. అందరము గట్టెక్కితిమి. తేలికపడిన పడవను ఒడ్డునకు లాగి, నీరు తోడి, ఒక ప్రక్కకు వంచగా విచ్చిన పలకల సందు బయటపడినది. అందులో నూలుపీచును ఉలితో దట్టించి, గుగ్గిలము నూనెలో కాచి పూసినాడు. జాముసేపటిలో మరల ప్రయాణము సాగినది.

మేము ఏడ్చుచు గురువుగారికి నిజము విన్నవించితిమి. “నాయనా! మొద్దు తగులుట మన చేతిలో లేదు. చిల్లు పడుట నీ తప్పు గాదు. దానిపై గోనె కప్పితివే, అది తప్పు” అని సెలవిచ్చినారు. చెడిన పుటలను వారు చెప్పుచుండగా మరల వ్రాయు పని మాకే అప్పగించినారు. ఆ వ్రాతలోనే ఆ భాష్యము మాకు పట్టుబడినది.

బంధువులారా! మనస్సునకును ఇట్లే చిల్లులు పడును. ఇంటిలో అన్నదమ్ములతో మాటలుండవు. లోపల అసూయ ఊరుచుండును. ఆ తడి మనకు తెలియును. తెలిసియు దానిపై జపమాల కప్పుదుము, పట్టుపంచె కప్పుదుము. జ్ఞానము లేని యజ్ఞకర్మలు దృఢము గాని నావలని ముండకోపనిషత్తు హెచ్చరించినది. ఆ హెచ్చరిక ముందుగా మావంటి వైదికులకే.

దైవముపై భారము వేయుట యనగా జాగ్రత్త మానుట గాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరో అసువులు బాసినారు. పడవ ఎక్కువారు రక్షణకవచము ధరింపవలెను. నడుపువారు ప్రవాహమును గమనింపవలెను. అట్టి జాగ్రత్తయు ఈశ్వరసేవయే.

కావున చిల్లు చిన్నదిగా నున్నపుడే పెద్దలతో చెప్పుకొనుడు. అహంకారపు బరువు ముందు దింపుడు. చిల్లు తానే కనబడును. పూడ్చుకొని సాగినవారికి భగవదనుగ్రహమను గాలి ఎన్నడును తోడుగనే యుండును.

స్వస్తి.