మూడు నెలల బేరము - పండ్రెండు నెలల బ్రదుకు



వేసవిలో చల్లదనమును, చలికాలమున వెచ్చదనమును అమ్ముకొని బ్రదుకు వర్తకులను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. కృషీవలునకు వాన యెట్టిదో ఈ వర్తకునకు ఎండ యట్టిది. ఫాల్గుణమున అప్పుచేసి కూలర్లు, ఏసీలు తెచ్చును. చైత్రవైశాఖములలో అమ్ముకొనవలెను. తొలకరి పడిన పిమ్మట అంగడి మెట్టెక్కువాడుండడు. కాని అద్దెయు, వడ్డియు, పనివారి జీతములును తొలకరితో ఆగవు. ఐ.టి.ఐ.లలో ఈ పని నేర్చిన మన యువకులనేకులు మండలకేంద్రములలో ఇట్టి అంగళ్లు తెరచుచున్నారు. వారికి హామీ యుండువారు మీరే. కావున ఈ విషయము మీరు విచారింపదగినది.

ఎండను నమ్ముకొన్న బేరము ఎంత చంచలమో 2025వ సంవత్సరము చూపినది. సాధారణముగా జూన్ 1 ప్రాంతమున కేరళమును చేరు నైరుతి ఋతుపవనములు ఆ యేడు మే 24ననే చేరినవి. మే మాసమున వానలు కురిసినవి. ఏసీల అమ్మకములు తగ్గినవి. పెద్ద కంపెనీలు ఆ నష్టమునకు ఓర్చుకొనగలవు. పొలము తాకట్టుపెట్టి సరకు నింపిన చిన్న వర్తకుడెట్లు ఓర్చును?

ఈ చిక్కు క్రొత్తది కాదు. యంత్రములు లేని కాలమున ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు చలికాలమున చెరువులలో గడ్డకట్టిన మంచును కోయించి, నిలువచేసి, ఉష్ణదేశములకు ఓడలపై పంపెడివాడు. 1833లో బోస్టను నుండి కలకత్తాకు బయలుదేరిన ఓడలో 180 టన్నుల మంచుండగా, నాలుగు నెలల ప్రయాణము పిమ్మట సుమారు 100 టన్నులు మిగిలెను. చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ మంచు కొరకైనదే. చల్లని పానీయము మరిగినవాడు మరల వెచ్చనిది ముట్టడని నమ్మి, ట్యూడర్ క్రొత్తచోట్ల పానీయములమ్మువారికి మొదట మంచును ఉచితముగా ఇప్పింపజూచెను. తరువాతి కాలమున అమెరికా పట్టణములలో అనేక వర్తకులు వేసవిలో మంచును, చలికాలమున బొగ్గును అమ్మిరి. అదే బండి, అవే వీధులు, అవే యిండ్లు, మారినది సరకొక్కటియే.

నేను చెప్పదలచిన మాట యిందే యున్నది. ఈ బేరమునకు మూలధనము యంత్రములు కావు, ఎరిగిన యిండ్లు. యంత్రమమ్మిన నాడే ఆ యింటివారి పేరును, యంత్రపు వివరమును, శుభ్రపరచిన తేదీని పుస్తకమున వ్రాసికొనవలెను. మాఘమాసమున ఆ పుస్తకము తెరచి ఇంటింటికి పోయి కబురు చెప్పవలెను. ఏసీ జల్లెడలు కడుగుట, కూలరు గడ్డి మార్చుట, మోటారు పరీక్షించుట అప్పుడే ముగింపవలెను. శివరాత్రిలోపల పని చేయించుకొన్నవారికి కూలి కొంత తగ్గించినను నష్టము లేదు. పని లేని దినములకు పని దొరకును, వేసవి రద్దీ తగ్గును. వానకాలమున మోటార్లకు తీగ చుట్టుటయు, స్టెబిలైజర్ల మరమ్మతును చేయవచ్చును. కార్తికము వచ్చుసరికి నీళ్లు కాచు గీజర్ల పనికి అవే యిండ్లకు మరల పోవచ్చును. ఆదిలాబాదు ప్రాంతమునను, మన్యమునను చలి గట్టిది గనుక అచ్చట ఈ పని మరింత యుండును.

ఇంకొక మాట. రోహిణి కార్తె ఎండలలో యంత్రమాగిన యింట పసిబిడ్డలుందురు, ముసలివారుందురు. ఆ యక్కరను చూచి కూలి రెట్టింపు అడుగువానిని ఆ యిల్లు స్వాతి కార్తెలో పిలువదు. చెప్పిన ధరకు, చెప్పిన పూటకు వచ్చినవానికి వేరు ప్రకటన యక్కరలేదు. రచ్చబండయే వాని పేరు చాటును.

కావున పెద్దలకు నా మనవి యిది. ఇట్టి యువకుడు మీ యొద్దకు హామీకై వచ్చినపుడు, "ఎన్ని యంత్రములు తెచ్చెదవు?" అని మాత్రమే అడుగకుడు. "నిరుడు నీవు పని చేసిన యిండ్లలో ఎన్ని నిన్ను మరల పిలిచినవి?" అని అడుగుడు. దానికి తగిన జవాబు వాని పుస్తకములో నున్నచో నిశ్చింతగా సంతకము చేయుడు. లేనిచో ఆ యేడు అప్పు వద్దని చెప్పి, మొదట మరమ్మతు పనితో ఇండ్లను సంపాదించుకొమ్మని పంపుడు. అది వానికి మీరు చేయు మేలే యగును.